ఆపరేషన్ తర్వాత అమ్మకు కామెర్లు వచ్చాయి, డాక్టర్ మీద కేసు వేయాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పోయిన దసరా తర్వాత అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయని హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో లాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించాం. మూడో రోజు ఇంటికి పంపించారు. వచ్చినప్పటి నుంచి కడుపునొప్పి, జ్వరం. ఫోన్ చేస్తే గ్యాస్ అన్నారు. తీసుకెళ్తే చేత్తో నొక్కి చూసి గోళీలు రాసి పంపించారు. పదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. హైదరాబాద్ తీసుకెళ్తే పిత్తనాళం తెగిందని చెప్పి మళ్లీ పెద్ద ఆపరేషన్ చేశారు. అన్నీ కలిపి ఆరు లక్షల పైనే అయింది, సగం మిత్తికి తెచ్చినవే. అమ్మ ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. హౌస్ సర్జన్ చేస్తున్న మా మేనబావ ఇది కాంప్లికేషన్, తప్పు కాదు అంటాడు. మా కాకయ్య వాళ్లేమో యాభై మందిమి పోయి ఆస్పత్రి ముందు కూర్చుంటే వాళ్లే దిగొస్తారంటున్నారు. డాక్టర్ల తప్పులే చావులకు మూడో పెద్ద కారణమని ఒక వీడియోలో చూశాను. నిజంగా ఇవి ఇంత ఎక్కువగా జరుగుతాయా? కేసు వేస్తే గెలుస్తామా?

సమాధానం:

తమ్ముడూ, అమ్మ కోలుకుంటోందని రాశావు కాబట్టి మిగతాదంతా నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు. నువ్వు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. తప్పులు ఎంత ఎక్కువగా జరుగుతాయి అనేది ఒకటి, మీ అమ్మ విషయంలో తప్పు జరిగిందా అనేది ఇంకోటి. మొదటిదానికి జవాబు "చాలా ఎక్కువగానే" అని. కానీ ఆ జవాబు పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు పోతే రెండో నిమిషంలో అవతలి లాయర్ నిన్ను కూర్చోబెడతాడు. నేను ఆ కమిషన్‌లో రోగుల తరఫునా వాదించాను, డాక్టర్ల తరఫునా వాదించాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముందు ఆ "మూడో కారణం" సంగతి. అది 2016లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా, అమెరికా గురించి, ఏడాదికి రెండున్నర లక్షల చావులని. వాళ్లు కొత్తగా కేస్ షీట్లు తీసి చూసింది లేదు, అంతకుముందు జరిగిన కొన్ని చిన్న అధ్యయనాలను కలిపి దేశమంతటికీ హెచ్చవేశారు, దానిమీద తోటి పరిశోధకులే చాలా విమర్శలు చేశారు. అంతకుముందు 1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన రిపోర్టులో 44 వేల నుంచి 98 వేల మధ్య అన్నారు. ఒకే దేశం, ఒకే విషయం, ఇంత తేడా. ఎందుకంటే ఒక రోగి చనిపోయినప్పుడు అది జబ్బు వల్లనా, తప్పు వల్లనా, రెండూ కలిసా అనేది ఇద్దరు డాక్టర్లు ఒకే కాగితాలు చూసి రెండు రకాలుగా చెప్పగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకొంచెం పట్టుకోదగ్గది: వైద్యం తీసుకునే ప్రతి పది మందిలో ఒకరికి ఏదో ఒక హాని జరుగుతుంది, అందులో సగానికి పైగా తప్పించగలిగినవే. మన దగ్గర ఆస్పత్రులన్నీ జరిగిన పొరపాట్లను తప్పనిసరిగా రాసి పంపాలనే దేశవ్యాప్త లెక్క లేదు, కాబట్టి వరంగల్‌లో ఎంత, కరీంనగర్‌లో ఎంత అని ఎవరైనా అంకె చెప్తే నమ్మకు.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన విషయం. హార్వర్డ్ వాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో 1984 నాటి 30 వేలకు పైగా కేస్ షీట్లు, 51 ఆస్పత్రులవి, కూర్చుని చదివారు. వైద్యం వల్ల హాని జరిగినవి 3.7 శాతం, అందులో నాలుగోవంతుకు కొంచెం పైగా నిర్లక్ష్యం వల్ల. అంటే ఆస్పత్రిలో చేరిన వందమందిలో ఒకరికి నిర్లక్ష్యం వల్లే దెబ్బ తగిలిందన్నమాట. మరి వాళ్లలో కేసు వేసింది ఎంతమంది? వందకు ఇద్దరు కూడా లేరు. చిత్రం ఏంటంటే, కేసు వేసినవాళ్ల కాగితాలు చూస్తే వాటిలో ఎక్కువ వాటిలో నిర్లక్ష్యం ఆనవాలే దొరకలేదు. నిజంగా దెబ్బతిన్నవాళ్లు ఇంట్లో ఉన్నారు, కోర్టుకు వచ్చినవాళ్లలో చాలామంది వేరే. పదేళ్ల తర్వాత అవే కేసులు ఎలా తేలాయో చూస్తే, పైసలు వచ్చాయా లేదా అన్నది డాక్టర్ నిర్లక్ష్యం మీద కాకుండా రోగికి మిగిలిన వైకల్యం ఎంత పెద్దది అన్నదాని మీద ఆధారపడింది. 2006లో ఇంకొందరు డాక్టర్ల మీద పరిహారం కోసం వేసిన 1,452 క్లెయిములు చదివారు. వాటిలో మూడోవంతుకు పైగా, 37 శాతంలో, డాక్టర్ పొరపాటు ఏదీ కనపడలేదు. అలాంటి వాటిలో ఎక్కువ వాటికి పైసలు రాలేదు, పొరపాటు ఉన్నవాటిలో ఎక్కువ వాటికి వచ్చాయి, అంటే వ్యవస్థ మరీ గుడ్డిది కాదు, కానీ నాలుగింట ఒకసారి తారుమారు చేసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "తప్పులు చాలా జరుగుతాయి, కాబట్టి మాకూ జరిగింది" అనే లెక్క పనికిరాదు. "ఇది కాంప్లికేషన్" అని మీ మేనబావ చెప్పినా అంతే, ఒక్క మాటతో ఫైల్ మూసేయడానికి లేదు. నువ్వూ, ఆయనా ఇద్దరూ కాగితం చూడకుండానే తీర్పు చెప్తున్నారు.

మీ అమ్మకు జరిగింది చూద్దాం. లాప్రోస్కోపీలో పిత్తనాళం దెబ్బతినడం కొత్తేం కాదు, వెయ్యి ఆపరేషన్లకు మూడు నుంచి ఆరు దాకా జరుగుతుందని పుస్తకాలన్నీ రాస్తాయి. మంచి సర్జన్ చేతిలో కూడా జరుగుతుంది. పిత్తాశయం (గాల్ బ్లాడర్) నుంచి వచ్చే సన్న గొట్టాన్ని కత్తిరించాలి, కాలేయం నుంచి పేగుకు పోయే పెద్ద నాళాన్ని ముట్టుకోకూడదు. కానీ లోపల వాపు, అతుకులు ఉంటే కెమెరాలో ఒకటి ఇంకోటిలా కనపడుతుంది. ఇలాంటి 252 గాయాలను పరిశీలించి 2003లో రాసిన ఒక వ్యాసంలో, 97 శాతం కేసుల్లో అసలు కారణం సర్జన్ కంటికి కలిగిన ఆ భ్రమేనని తేల్చారు. చేతకానితనం, అజాగ్రత్త అన్నవి అక్కడ చిన్న భాగమే. అందుకే నాళం తెగింది అన్న ఒక్క ముక్కతో నిర్లక్ష్యం రుజువు కాదు, ఇక్కడిదాకా మీ మేనబావ చెప్పింది కరెక్టే.

మరి ఆ తర్వాత వారం రోజుల సంగతి ఏంటి? ఈ ఆపరేషన్ అయిన మనిషి రోజురోజుకూ తేలికపడాలి. నొప్పి పెరుగుతుంటే, జ్వరం వస్తుంటే, పైత్యం (పిత్తరసం) లోపల కారుతోందేమో అని అనుమానించాలి, ఒక స్కానింగ్, ఒక కాలేయ రక్తపరీక్ష చేయించాలి. ఇది పెద్ద చదువేం కాదు, సర్జరీ చదివే ప్రతివాడికీ తెలిసిన సంగతి. నువ్వు ఫోన్ చేశావు, గ్యాస్ అన్నారు. తీసుకెళ్లావు, పరీక్ష ఏదీ చేయకుండా గోళీలతో పంపించారు. నువ్వు రాసింది రాసినట్టే జరిగి ఉంటే, నీ కేసు ఆపరేషన్ థియేటర్‌లో లేదు, ఆ వారంలో ఉంది. చట్టం అడిగేది కూడా అదే: అదే చదువు ఉన్న మామూలు డాక్టర్ ఆ పరిస్థితిలో ఏం చేసేవాడు, ఈయన అది చేశాడా లేదా.

కాబట్టి లాయర్‌ను వెతకడం కంటే ముందు కేస్ షీట్ తీయి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చి ఇదే అంతా అంటారు, ఒప్పుకోకు. పూర్తి కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, అనస్తీషియా షీట్, నర్సులు రాసిన చార్టులు, సంతకం పెట్టించుకున్న ఒప్పుకోలు పత్రం, రెండోసారి పోయినప్పటి ఓపీ చీటీ, లాప్రోస్కోపీ రికార్డింగ్ ఉంటే అది కూడా. అమ్మ సంతకంతో ఒక దరఖాస్తు రాసి ఆస్పత్రి సూపరింటెండెంట్ పేరు మీద ఇవ్వు, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకో. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు దాచాలి. ఇవ్వకపోతే అదే నీకు ఒక ఆధారం అవుతుంది, కమిషన్లు దాన్ని ఆస్పత్రికి వ్యతిరేకంగానే చూస్తాయి. కాకయ్య వాళ్లు లొల్లి మొదలుపెట్టకముందే ఈ పని అయిపోవాలి, లొల్లి అయ్యాక అడిగితే కాగితాలు "వెతుకుతున్నాం" అంటారు, దొరికాక కొన్ని పేజీల సిరా కొంచెం కొత్తగా కనపడుతుంది. అన్ని చోట్లా అని కాదు. కానీ చూశాను.

ఇంకో పని, ఇంట్లో అందరూ కూర్చుని ఒక నోట్ బుక్‌లో తేదీలవారీగా రాయండి. ఏ రోజు జ్వరం వచ్చింది, ఏ రోజు ఎవరు ఫోన్ చేశారు, అవతల ఎవరు మాట్లాడారు, ఏ రోజు తీసుకెళ్లారు. ఫోన్‌లో కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు తీసుకో, వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లు ఏవీ తీసేయకు. హైదరాబాద్ ఆస్పత్రి సమ్మరీ నీకు బంగారం. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి మామూలుగా ముందుకు రాడు, కానీ తను కడుపు తెరిచి చూసినప్పుడు ఎంత పైత్యం ఉంది, నాళం ఎక్కడ తెగి ఉంది, ఎన్ని రోజుల నుంచి అలా ఉన్నట్టుంది అనేది సమ్మరీలో రాసే ఉంటాడు.

ఎక్కడ వేయాలి అంటే, వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది (ఎవరి దగ్గరా పైసా తీసుకోని సర్కారు దవాఖానలకు మాత్రం ఇది వర్తించదు, ఎంజీఎంలో జరిగి ఉంటే నీకు వేరే దారి చెప్పేవాణ్ణి). ఆస్పత్రికి కట్టింది 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా వేయొచ్చు, లాయర్ లేకుండా నువ్వే వాదించుకోవచ్చు, కానీ వైద్యం కేసుల్లో లాయర్ ఉంటేనే మంచిది. ఆస్పత్రినీ, సర్జన్‌నూ ఇద్దరినీ పార్టీ చేయి. గడువు రెండేళ్లు. ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి అనే వాదన తర్వాత చూసుకోవచ్చు, నువ్వు మాత్రం మొదటి ఆపరేషన్ రోజు నుంచే లెక్కపెట్టుకో.

గెలుస్తామా అన్నావు. హైదరాబాద్‌లో జరిగిన రెండు కేసులు చెప్తా. 2002లో చలిజ్వరంతో ఒకావిడను ఆస్పత్రిలో చేర్చితే మలేరియాకు బదులు టైఫాయిడ్‌కు వైద్యం చేశారు, ఆమె బతకలేదు. భర్త కిషన్ రావు పనిచేసేదే మలేరియా విభాగంలో! జిల్లా ఫోరం రెండు లక్షలు ఇమ్మంది, నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది, చివరికి 2010లో సుప్రీంకోర్టు ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, తప్పు కళ్లకు కనపడుతుంటే చాలు అని మొదటి తీర్పే నిలబెట్టింది. ఎనిమిదేళ్లకు రెండు లక్షలు. ఇంకోటి నిమ్స్ కేసు. 1990లో ఛాతీలో కణితి ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థి ప్రశాంత్ ధనంకకు, ఒప్పుకున్నది బయాప్సీకైతే కణితే తీసేశారు, న్యూరోసర్జన్ దగ్గర లేడు, కాళ్లు పడిపోయాయి. ఆయన సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించుకున్నాడు, 2009లో కోటి రూపాయలు ఇప్పించారు. కోటి అనే మాట విని ఆశపడకు, జీవితాంతం వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి పందొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన పరిహారం అది. మీ అమ్మ కోలుకుంటోంది, అంటే దేవుడి దయవల్ల నీ పరిహారం చిన్నది. రెండో ఆపరేషన్ ఖర్చు, దానిమీద మిత్తి, కొంత నష్టపరిహారం, కేసు ఖర్చులు, అడగాల్సింది అంతవరకు. కాగితాలు నువ్వు చెప్పినట్టే ఉంటే నీ కేసు బాగుంది అంటాను, అంతకుమించి చెప్పలేను. అప్పీళ్లతో కలిపి ఏళ్లు పడుతుంది, ఆ పైసలు వస్తాయని ముందే అనుకుని ఇంకో అప్పు చేయకు.

పోలీస్ స్టేషన్ దారి నీకు దాదాపు లేదు. నిర్లక్ష్యం వల్ల చావుకు కొత్త శిక్షా చట్టం భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది, అమ్మ బతికే ఉంది కాబట్టి అది నీకు వర్తించదు, ఆపైన డాక్టర్ మీద క్రిమినల్ కేసుకు మరీ ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, వాళ్లు డాక్టర్ రిజిస్ట్రేషన్ కొన్నాళ్లు ఆపగలరు, పైసలు మాత్రం ఇప్పించలేరు.

ధర్నా గురించి. కాకయ్యకు కోపం రావడంలో తప్పు లేదు, మన దగ్గర అట్లా కూర్చుంటే పైసలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి కూడా, లేవని అబద్ధం చెప్పను. కానీ యాభై మందిలో ఒకడు అద్దం పగలగొట్టినా, ఒక నర్సును తోసినా, ఆస్పత్రుల మీద దాడులకు 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, నాన్ బెయిలబుల్. అప్పుడు కేసు నీమీద ఉంటుంది. రాజీకి వచ్చేసరికి "మీరు మీది తీసేయండి, మేం మాది తీసేస్తాం" అంటారు, నీ ఆరు లక్షలు ఆ బేరంలో మాయం. అసలు మీకు ఆ ఆస్పత్రి చూపించింది ఎవరు? ఊరి ఆర్‌ఎంపీ అయితే, పంచాయితీకి మధ్యవర్తిగా కూడా ఆయనే వస్తాడు చూడు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయనకు రేపు మళ్లీ అదే ఆస్పత్రితో పని ఉంటుంది.

ఆస్పత్రి వాళ్లే పిలిచి మాట్లాడితే మాత్రం పో. లాయర్ నోటీసు అందాక చాలామంది పిలుస్తారు. డాక్టర్ నోటితో "తప్పైంది" అనే మాట రాకపోతే అహంకారం అనుకోకు, వాళ్లలో చాలామందికి ఇన్సూరెన్స్ పాలసీ ఉంటుంది, కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకోవద్దని అందులోనే షరతు ఉంటుంది. ఇచ్చేది ఎంత అయినా చెక్కు రూపంలో తీసుకో, "ఇక ఏ కేసూ వేయం" అని రాసిన కాగితం మీద అమ్మతో ఆ రోజే సంతకం పెట్టించకు, ఇంటికి తెచ్చి ఎవరితోనైనా చదివించు.

చివరిగా కేసుతో సంబంధం లేని మాట. పిత్తనాళం కుట్టిన చోట నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా సన్నబడి మూసుకుపోవచ్చు. హైదరాబాద్ సర్జన్ చెప్పిన తేదీలకు కాలేయ పరీక్షలు చేయించడం ఆపకు. అమ్మకు వణుకుతో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో పోసినా, ఊళ్లో గోళీలు వేసి రెండు రోజులు చూద్దాం అనుకోకుండా అదే రోజు బండి కట్టించుకుని పొండి.